లాకోనియాను ముంచినవాడే ఎందుకు కాపాడాడు?

1942 సెప్టెంబర్ 13, ఉదయం ఆరు గంటలు. ఆఫ్రికాకు పడమర, భూమధ్యరేఖకు కాస్త దిగువన, అట్లాంటిక్ నడి సముద్రం నుంచి ఒక రేడియో సందేశం వెలువడింది. పంపింది ఒక జర్మన్ సబ్‌మెరైన్. భాష మాత్రం ఇంగ్లీషు. రహస్య కోడ్ ఏమీ లేదు, రిసీవర్ ఉన్న ఎవరైనా వినొచ్చు. దాని సారాంశం ఇది: లాకోనియా ఓడవాళ్లను కాపాడటానికి ఎవరొచ్చినా నేను దాడి చెయ్యను, ఓడలూ విమానాలూ నా జోలికి రానంతవరకు. ఇప్పటికి 193 మందిని నీళ్లలోంచి తీశాను. నేను ఫలానా అక్షాంశం, ఫలానా రేఖాంశం దగ్గర ఉన్నాను. చివర సంతకంలా రెండే మాటలు, జర్మన్ సబ్‌మెరైన్ అని.

సబ్‌మెరైన్‌కి ఉన్న బలమంతా అది ఎక్కడుందో ఎవరికీ తెలియకపోవడంలోనే ఉంటుంది. ఆ బలాన్ని చేజేతులా వదులుకుని, శత్రువు భాషలో శత్రువుకే తన అడ్రస్ చెప్పినవాడు వెర్నర్ హార్టెన్‌స్టైన్, యు-156 కమాండర్. అప్పటికి అతనికి 34 ఏళ్లు. ఆ ఓడను ముందు రోజు రాత్రి టార్పెడోలతో ముంచింది కూడా అతనే.

ఆ రక్షణ సాగుతుండగానే ఒక అమెరికన్ విమానం వచ్చి బాంబులేసింది. అందుకే ఈ ఘటనను చాలామంది ‘మంచి జర్మన్, చెడ్డ అమెరికన్’ కథగా చెప్పేస్తారు. చెప్పుకోడానికి సులువుగా ఉంటుంది. కానీ హార్టెన్‌స్టైన్ యుద్ధ జీవితాన్ని మొదటి నుంచి చూస్తే ఆ చొక్కా అతనికి సరిపోదు. అలాగని అతన్ని మామూలు నాజీ హంతకుల జాబితాలో వేసేసి చేతులు దులుపుకోవడమూ కుదరదు.

హార్టెన్‌స్టైన్ పుట్టింది 1908లో, జర్మనీలోని సాక్సనీ ప్రాంతంలో, ప్లావెన్ అనే ఊళ్లో. 1928లో నేవీలో చేరాడు, అంటే హిట్లర్ అధికారంలోకి రావడానికి ఐదేళ్ల ముందే. చాలాకాలం టార్పెడో బోట్ల మీద పనిచేసి, 1941లో సబ్‌మెరైన్లకు మారాడు. అదే ఏడాది సెప్టెంబర్‌లో బ్రెమెన్‌లో తయారైన యు-156 అతని చేతికొచ్చింది. విశాఖ బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియంలోకి వెళ్లొచ్చినవాళ్లకు లోపలి ఇరుకు ఎలా ఉంటుందో గుర్తుండే ఉంటుంది. ఒకళ్లు ఎదురొస్తే ఇంకొకళ్లు పక్కకు ఒదగాలి. కురుసుర పొడవు 91 మీటర్లు. యు-156 అంతకంటే చిన్నది, 77 మీటర్ల లోపే. అందులో యాభై మందికి పైగా మనుషులు, టార్పెడోలు, నెలల తరబడి సరిపడే తిండి, డీజిల్, బ్యాటరీలు. ఈ కొలతలు గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తాయి.

జర్మన్ సబ్‌మెరైన్ల అధిపతి కార్ల్ డ్యోనిట్జ్ లెక్క చాలా సూటిగా ఉండేది. బ్రిటన్ దీవి కాబట్టి దాని తిండీ చమురూ అన్నీ ఓడల్లోనే రావాలి. వాళ్లు కొత్త ఓడలు కట్టేదానికంటే వేగంగా మనం ముంచేస్తే యుద్ధం అయిపోతుంది. అందుకే ప్రతి కమాండర్ పనితనాన్నీ ‘టన్నుల్లో’ కొలిచేవారు. ఈ టన్ను బరువు కాదు, ఓడ లోపలి జాగాకు కొలత, ఒక టన్నుకు 100 ఘనపుటడుగులు. యుద్ధం ముగిసేసరికి... కాదు, తాను చనిపోయేసరికి హార్టెన్‌స్టైన్ ఖాతాలో 20 ఓడలు, 97 వేల టన్నులకు పైగా పడ్డాయి. ఏడాదికి కాస్త ఎక్కువ కాలంలో అంత వేట సాగించాడంటే అతను యుద్ధానికి మనసొప్పని మనిషేం కాదు.

అతని దూకుడు ఎలాంటిదో తెలియాలంటే అరూబా సంగతి చూడాలి. వెనిజులా తీరం పక్కనే ఉన్న ఈ డచ్ దీవిలో అప్పట్లో ప్రపంచంలోనే పెద్ద రిఫైనరీల్లో ఒకటి ఉండేది. మిత్రరాజ్యాల విమానాలకు పెట్రోలు అక్కడి నుంచి వెళ్లేది. 1942 ఫిబ్రవరి 16 తెల్లవారుజామున యు-156 శాన్ నికొలాస్ రేవు ముందు నీటిపైకి తేలింది. లంగరేసి ఉన్న రెండు ట్యాంకర్ల మీద టార్పెడోలు వదిలింది. ఒరాన్యెస్టాడ్ మునిగిపోయింది, పెదర్నాలెస్ మంటల్లో చిక్కుకుంది. ఆ వెలుతురులోనే హార్టెన్‌స్టైన్ డెక్ మీదున్న పెద్ద ఫిరంగితో రిఫైనరీని కాల్చమన్నాడు.

ఫిరంగి గొట్టంలోకి సముద్రపు నీళ్లు పోకుండా మూతికి ఒక బిరడా బిగిస్తారు. పేల్చేముందు దాన్ని తీసేయాలి. ఆ హడావిడిలో ఎవరూ తియ్యలేదు. మొదటి గుండు గొట్టంలోనే పేలింది. ఒక నావికుడు ప్రాణాలు కోల్పోయాడు, గన్నరీ ఆఫీసర్ కాలు నుజ్జయిపోయింది. మరొకరైతే వెనక్కి తిరిగేవారేమో. వీళ్లు గొట్టంలో చీలిపోయిన భాగాన్ని హాక్‌సా బ్లేడ్లతో కోసేసి, కురచైన ఆ ఫిరంగితోనే తర్వాత ఓడల మీద కాల్పులు జరిపారు. గాయపడిన ఆఫీసర్‌ను మాత్రం ఫ్రెంచి వాళ్ల మార్టినిక్ దీవిలో దించి ఆసుపత్రికి చేర్చారు. గురి తప్పి అరూబా ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఒక టార్పెడో మర్నాడు పేలి నలుగురు డచ్ సైనికులు చనిపోయారు.

ఆ ఏడాది వేసవంతా కరీబియన్‌లో వేటాడిన యు-156 ఆగస్టులో మళ్లీ బయల్దేరింది. ఈసారి గమ్యం దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్. మరికొన్ని సబ్‌మెరైన్లతో కలిసి అక్కడ మెరుపుదాడి చెయ్యాలని ప్లాన్. దారిలో సెప్టెంబర్ 12 సాయంత్రం దూరంగా పొగ కనిపించింది.

ఆ ఓడే లాకోనియా. 1920ల నాటి ప్రయాణికుల ఓడ, దాదాపు 20 వేల టన్నులు. యుద్ధం రాగానే సైన్యం వాడకంలోకి వెళ్లింది, ఫిరంగులు బిగించారు. దీపాలార్పుకుని, దారి వంకర్లు తిప్పుకుంటూ వెళ్తోంది. ఆనాటి చట్టం ప్రకారం అది నిఖార్సయిన టార్గెట్. ఇక్కడివరకూ పెద్దగా వాదన లేదు. 1936 లండన్ ఒప్పందం ప్రకారం వ్యాపార ఓడను ముంచేముందు అందులోని మనుషులను క్షేమంగా దించాలి. కానీ ఆయుధాలు మోసే సైనిక ఓడకు ఆ రక్షణ లేదు.

చిక్కంతా ఓడ లోపల ఉంది. అందులో మొత్తం దాదాపు 2,700 మంది. బ్రిటిష్ సైనికులు, ఓడ సిబ్బంది, సెలవు మీదో బదిలీ మీదో ఇంటికి పోతున్న కుటుంబాలు, ఆడవాళ్లు, పిల్లలు. వీళ్లకంటే ఎక్కువగా, ఉత్తరాఫ్రికాలో పట్టుబడ్డ ఇటాలియన్ యుద్ధఖైదీలు సుమారు 1,800 మంది. వాళ్లను అడుగు అరల్లో బంధించి, పోలిష్ సైనికులను కాపలా పెట్టారు. ఇటలీ అంటే జర్మనీ మిత్రదేశం. అంటే హార్టెన్‌స్టైన్ రాత్రి పది దాటాక వదిలిన రెండు టార్పెడోలు తన సొంత పక్షం మనుషులనే చంపాయి.

ఓడ ఒరిగిపోతుంటే చాలా అరల తలుపులు తెరవలేదనీ, పైకి ఎగబాకినవాళ్లను బాయ్‌నెట్లతో వెనక్కి నెట్టారనీ బతికిబయటపడ్డ ఇటాలియన్లు చెప్పారు. ఓడ మునిగాక యు-156 దగ్గరకొచ్చింది. హార్టెన్‌స్టైన్ వచ్చింది కెప్టెన్‌ను ఖైదీగా పట్టుకోడానికి. అప్పుడు చీకట్లో నీళ్లలోంచి ఇటాలియన్‌లో కేకలు వినిపించాయి.

ఆ రాత్రి అతను డ్యోనిట్జ్‌కు పంపిన సందేశంలో ఒక చిన్న మాట ఉంది. లాకోనియాను ముంచాను, ‘దురదృష్టవశాత్తూ’ 1,500 మంది ఇటాలియన్ ఖైదీలతో సహా, ఇప్పటికి 90 మందిని పైకి తీశాను, ఏం చెయ్యమంటారు అని. నా దృష్టిలో ఈ మొత్తం గొడవకు తాళంచెవి ఆ ‘దురదృష్టవశాత్తూ’ అన్న మాటలోనే ఉంది. రక్షణ మొదలైంది మానవత్వంతో కాదు, తడబాటుతో. మిత్రదేశం మనుషులను చంపేశాం, రోమ్‌తో రేపు పేచీ వస్తుంది, ఇప్పుడేం చెయ్యాలన్న టెన్షన్ అందులో కనిపిస్తుంది.

కానీ అది అక్కడితో ఆగలేదు, అదే విశేషం. ఇటాలియన్లను మాత్రమే ఏరుకుని మిగతావాళ్లను వదిలేస్తే అడిగేవాడు లేడు. హార్టెన్‌స్టైన్ మనుషులు అలా ఏరలేదు. బ్రిటిష్ ఆడవాళ్లు, సైనికులు, పోలిష్ కాపలావాళ్లు, ఎవరు చేతికందితే వాళ్లను లాగారు. వేడి సూప్ పోశారు, గాయాలకు కట్లు కట్టారు. యాభై మందికే ఇరుకైన ఆ డబ్బాలో, దాని డెక్ మీద దాదాపు రెండు వందల మంది. ఇంతమందితో మునగడం అసాధ్యం. మునగలేని సబ్‌మెరైన్ అంటే నెమ్మదిగా పోయే బలహీనమైన పడవ, అంతే. వెనక లైఫ్‌బోట్లను తాడు కట్టి లాక్కుంటూ, నీటిపైనే నాలుగు రోజులు గడిపింది.

డ్యోనిట్జ్ సంగతి కూడా చూడాలి. ఆయన వెంటనే ఆపెయ్యమనలేదు. పైగా దగ్గర్లో ఉన్న యు-506, యు-507లను, కప్పెల్లిని అనే ఇటాలియన్ సబ్‌మెరైన్‌ను సాయానికి పంపాడు. అప్పటికే జర్మనీతో యుద్ధం ఆపేసిన ఫ్రెంచి వాళ్ల నౌకలు పశ్చిమాఫ్రికా రేవుల నుంచి రావడానికి ఏర్పాటు జరిగింది. బెర్లిన్ నుంచి మాత్రం కేప్‌టౌన్ దాడి చెడగొట్టొద్దనీ, సబ్‌మెరైన్లను ప్రమాదంలో పెట్టొద్దనీ ఒత్తిడి మొదలైంది. ఇక్కడ ఇంకో చిన్న సంగతి. సాయానికొచ్చిన యు-507 కమాండర్ హారో షాఖ్ట్ సరిగ్గా నెల కిందట బ్రెజిల్ తీరంలో వరసగా ఓడలు ముంచి ఆరొందల మందిని చంపినవాడు. బ్రెజిల్ యుద్ధంలోకి దిగడానికి కారణం ఆ దాడే. అదే మనిషి సెప్టెంబర్‌లో అట్లాంటిక్‌లో బ్రిటిష్ వాళ్లకు తన తిండి పంచాడు. మనుషులు ఒకే సూత్రం మీద నడవరు.

మరి రేడియో సందేశం ఏమైంది? పశ్చిమాఫ్రికా తీరంలోని ఫ్రీటౌన్‌లో ఉన్న బ్రిటిష్ వాళ్లు దాన్ని ఎర అనుకున్నారు. రక్షణకు ఓడలను పంపించారు గానీ, అట్లాంటిక్ నడుమ అసెన్షన్ దీవిలో ఉన్న అమెరికన్ వైమానిక స్థావరానికి జర్మన్ల ప్రతిపాదన సంగతి చెప్పలేదు. విమానాలతో తోడురమ్మని మాత్రం అడిగారు. ఆ స్థావరం అప్పుడే కొత్తగా కట్టింది, రన్‌వే పూర్తయి రెండు నెలలే. ఆఫ్రికాకు వెళ్లే విమానాలకు అదే మజిలీ. అది ఉన్నట్టే బయటికి తెలియకూడదు.

సెప్టెంబర్ 16 ఉదయం పదకొండున్నర ప్రాంతంలో ఆ స్థావరం నుంచి వచ్చిన బి-24 లిబరేటర్ బాంబర్‌కు యు-156 కనిపించింది. నాలుగు లైఫ్‌బోట్లు వెనక తాడుతో ఉన్నాయి. హార్టెన్‌స్టైన్ డెక్ మీద పెద్ద రెడ్‌క్రాస్ జెండా పరిపించాడు. జర్మన్ల మాట నమ్మరేమోనని, డెక్ మీదున్న ఒక బ్రిటిష్ వైమానిక అధికారి దీపంతో సైగలు చేస్తూ ఇంగ్లీషులో సందేశం పంపాడు. మేం లాకోనియా మనుషులం, ఇందులో ఆడవాళ్లూ పిల్లలూ ఉన్నారని. జవాబు రాలేదు. పైలట్ జేమ్స్ హార్డెన్ కాస్త దూరం వెళ్లి అసెన్షన్‌కు రేడియో చేశాడు, ఏం చెయ్యమంటారని. అతనూ అడిగాడు. ఈ కథలో అందరూ పైవాళ్లను అడుగుతూనే ఉన్నారు.

స్క్వాడ్రన్ అధికారి రాబర్ట్ రిచర్డ్‌సన్ జవాబు చాలా చిన్నది. సబ్‌మెరైన్‌ను వెంటనే ముంచెయ్యమని. అతని వైపు నుంచి ఆలోచిస్తే, వచ్చే రక్షణ ఓడలను ఆ సబ్‌మెరైన్ ముంచదని గ్యారంటీ ఏముంది? రహస్య స్థావరం మీద ఫిరంగి పేల్చదని ఏముంది? అరూబాలో ఇదే సబ్‌మెరైన్ చెయ్యబోయింది సరిగ్గా అదే కదా. జర్మన్ సందేశం సంగతి తనకు తెలియదని అతను తర్వాత చెప్పాడు. గంట తర్వాత లిబరేటర్ తిరిగొచ్చి బాంబులేసింది. ఒకటి లైఫ్‌బోట్ల మధ్య పడింది, పదుల సంఖ్యలో మనుషులు పోయారు. ఇంకొకటి సబ్‌మెరైన్ కింద పేలి బ్యాటరీలు దెబ్బతిన్నాయి. హార్టెన్‌స్టైన్ తాళ్లు కోయించి, డెక్ మీదున్నవాళ్లను నీళ్లలోకి దిగమని చెప్పి, సబ్‌మెరైన్‌ను నీటి కిందికి దించేశాడు. సబ్‌మెరైన్‌ను ముంచేశామనుకున్న విమాన సిబ్బందికి తర్వాత పతకాలిచ్చారు.

చట్టం ప్రకారం ఎవరిది తప్పు? రెడ్‌క్రాస్ జెండా ఆసుపత్రి ఓడకు రక్షణ ఇస్తుంది, ఫిరంగీ టార్పెడోలూ ఉన్న యుద్ధనౌక మీద పరిస్తే అది ఆసుపత్రి అయిపోదు. ఒక్కడే ప్రకటించుకున్న కాల్పుల విరమణ ఎదుటివాణ్ని కట్టెయ్యదు. ఈ రెండూ అమెరికన్ల పక్షాన ఉన్న వాదనలు. కానీ కళ్లెదుట కనిపిస్తున్న నిస్సహాయుల మీద, అందులోనూ తమ మిత్రదేశం వాళ్ల మీద బాంబు వేయడాన్ని ఈ వాదనలు కడిగెయ్యవు. ఆ నిర్ణయం మీద అమెరికా ఎవరినీ కోర్టుకు ఎక్కించలేదు.

మర్నాడు, సెప్టెంబర్ 17న, ఫ్రెంచి నౌకలు వచ్చి మిగతావాళ్లను ఎక్కించుకున్నాయి. బతికింది సుమారు 1,100 మంది. 1,600 మందికి పైగా పోయారు, అందులో దాదాపు 1,400 మంది ఇటాలియన్లే. ఫ్రెంచి వాళ్ల కంటపడని రెండు లైఫ్‌బోట్లు ఆఫ్రికా వైపు కొట్టుకుపోయాయి. ఒకటి 27 రోజులకు లైబీరియా ఒడ్డు చేరింది. ఎక్కిన 68 మందిలో మిగిలింది 16 మంది. రెండో దాన్ని 40 రోజుల తర్వాత ఒక బ్రిటిష్ నౌక చూసింది, అందులో ప్రాణాలతో ఉన్నది నలుగురు.

అదే 17వ తేదీన డ్యోనిట్జ్ రెండు పనులు చేశాడు. హార్టెన్‌స్టైన్‌కు నైట్స్ క్రాస్ పతకం ఖాయమైంది. అన్ని సబ్‌మెరైన్లకూ ఒక ఆర్డర్ వెళ్లింది. ఇకమీదట మునిగిన ఓడల మనుషులను కాపాడొద్దు, ఈదేవాళ్లను ఎక్కించుకోవద్దు, బోల్తాపడ్డ లైఫ్‌బోట్లను సరిచెయ్యొద్దు, తిండీ నీళ్లూ ఇవ్వొద్దు. మన ఊళ్ల మీద బాంబులేసేటప్పుడు శత్రువు ఆడవాళ్లనీ పిల్లలనీ చూడట్లేదు, మీరూ గుండె రాయి చేసుకోండి. దీన్నే ‘లాకోనియా ఆర్డర్’ అంటారు. డ్యోనిట్జ్ అంతకుముందు నుంచే ఇలాంటి కట్టడి కోరుకుంటున్నాడన్నది గుర్తుంచుకోవాలి. యుద్ధం మొదటి నెలల్లోనే ఇలాంటి ఆదేశం ఒకటి జారీ అయింది. అమెరికన్ బాంబు వల్లే జర్మన్లు మారిపోయారనడం సగం నిజం. ఉన్న ధోరణికి ఆ బాంబు తిరుగులేని సాకు అయింది.

దాని ఫలితం చూడ్డానికి ఎక్కువ కాలం పట్టలేదు. నవంబర్ 28న దక్షిణాఫ్రికా తీరంలో యు-177 నోవా స్కోషియా అనే బ్రిటిష్ ఓడను ముంచింది. మళ్లీ అందులోనూ వందల మంది ఇటాలియన్ బందీలే. మళ్లీ అవే ఇటాలియన్ కేకలు. కమాండర్ గీజె, వాళ్లెవరో తెలుసుకోడానికి ఇద్దరిని మాత్రం ఎక్కించుకుని, రేడియోలో కబురు పెట్టి వెళ్లిపోయాడు. తర్వాత పోర్చుగీసు నౌక వచ్చేసరికి 850 మందికి పైగా చనిపోయారు.

యుద్ధం తర్వాత నాజీ నాయకులను విచారించిన నూరెంబర్గ్ కోర్టులో ఈ ఆర్డర్ డ్యోనిట్జ్ మెడకు చుట్టుకుంది. నీళ్లలో ఉన్నవాళ్లను చంపమనడమే దీని అర్థమని ప్రాసిక్యూషన్ వాదించింది. కాపాడొద్దన్నాను గానీ చంపమనలేదని ఆయన వాదన. హత్యకు ఆదేశించాడని రుజువు కాలేదనీ, కానీ ఆర్డర్‌లోని భాష రెండర్థాలకు తావిచ్చేలా ఉందనీ, అది తీవ్రంగా ఖండించదగినదనీ కోర్టు తేల్చింది. ఇక్కడే ఇంకో ముడి పడింది. పసిఫిక్‌లో మొదటి రోజు నుంచీ మేమూ హెచ్చరిక లేకుండానే ఓడలు ముంచామని అమెరికా అడ్మిరల్ నిమిట్జ్ లిఖితపూర్వకంగా జవాబిచ్చాడు. డ్యోనిట్జ్‌కు పదేళ్ల జైలు పడింది గానీ, ఆ శిక్షను సబ్‌మెరైన్ యుద్ధ నియమాల ఉల్లంఘన లెక్కన వెయ్యలేదని తీర్పులోనే రాశారు. నీళ్లలో ఉన్నవాళ్ల మీద నిజంగానే తుపాకులు పేల్చిన యు-852 కమాండర్ ఎక్‌ను, అతని ఇద్దరు ఆఫీసర్లను మాత్రం 1945 నవంబర్‌లో బ్రిటిష్ వాళ్లు కాల్చి చంపారు.

హార్టెన్‌స్టైన్ ఈ విచారణలేవీ చూడలేదు. లాకోనియా మనుషులను వదిలేసిన మూడు రోజులకే, సెప్టెంబర్ 19న, క్యుబెక్ సిటీ అనే బ్రిటిష్ ఓడను ముంచాడు. అంటే జాలి పుట్టి యుద్ధం మీద విరక్తి కలగలేదు. తన పని ముంచడం, మునిగాక నీళ్లలో ఉన్నది మనుషులు అన్నట్టుగా ఆ రెండింటినీ వేర్వేరు గదుల్లో పెట్టుకున్నాడు. ఆ గది గోడలు ఎంత పల్చనివో డ్యోనిట్జ్ ఆర్డర్ చూపించింది.

నవంబర్‌లో ఫ్రాన్స్‌లోని లోరియాన్ రేవుకు తిరిగొచ్చి, 1943 జనవరిలో మళ్లీ కరీబియన్‌కు బయల్దేరాడు. మార్చి 8న బార్బడోస్‌కు తూర్పున నీటిపై తేలి ఉన్న యు-156ను ఒక అమెరికన్ కాటలీనా విమానం కనిపెట్టి డెప్త్ ఛార్జీలు, అంటే నీటి అడుగున పేలే బాంబులు వేసింది. సబ్‌మెరైన్ విరిగిపోయింది. నీళ్లలో పదకొండు మంది దాకా తేలుతూ కనిపించారు. బాంబులేసిన ఆ విమానమే వాళ్లకోసం రబ్బరు తెప్పలూ తిండీ కిందికి జారవిడిచింది. ఐదుగురు ఒక తెప్ప మీదికి ఎక్కడం విమానంలోంచి చూశారు. వాళ్లకోసం ఒక అమెరికన్ డిస్ట్రాయర్ వచ్చి రోజుల తరబడి వెతికింది. ఎవరూ దొరకలేదు. యు-156లో ఉన్న 53 మందిలో ఒక్కరూ ఇల్లు చేరలేదు.